ట్రైన్ మనిషి కారు

కేజీఎఫ్‌లో పాత కారు అమ్మే మనిషి బానెట్ ఎత్తకముందే ఒక మాట అంటాడు: "ఇది ట్రైన్ మనిషి కారు సార్." అంతకంటే పెద్ద సర్టిఫికెట్ మా ఊళ్ళో లేదు. గనులు మూతపడ్డాక ఇక్కడ ఎన్నో ఇళ్ళు బెంగళూరు జీతాల మీదే నడుస్తున్నాయి. తెల్లారకముందే రైలెక్కుతాం, చీకటి పడ్డాక దిగుతాం. అలాంటి మనిషి కారు కొంటే అది వారమంతా గుడ్డ కప్పుకొని ఇంటి ముందు నిలబడి ఉంటుంది. ఆదివారం మార్కెట్టుకో, ఎప్పుడైనా పెళ్ళికో కదులుతుంది. అందుకని ట్రైన్ మనిషి కారంటే తిరగని కారు, అరగని కారు అని లెక్క. నేనూ ట్రైన్ మనిషినే. ఆ లెక్క నాకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

కారు కావలసింది నాకు కాదు, మా అక్కకు. ఆమెకు అరవై దాటాయి. బావ పోయాక మా ఇంటికి వచ్చేసింది. రెండు కిడ్నీలూ పని మానేశాయి కాబట్టి మంగళవారం, శుక్రవారం కోలారులో డయాలసిస్. మా ఇంటి నుంచి దాదాపు ముప్పై కిలోమీటర్లు. పోవడంలో కష్టం లేదు, రావడంలోనే ఉంది. మంచం మీంచి లేచేసరికి బీపీ పడిపోయి, కాళ్ళు తేలిపోతాయి. బంగారుపేటలో బస్సు మారాలి. ఆ బస్టాండులో సిమెంటు బల్ల మీద, నా భార్య భుజాన తల వాల్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని కూర్చునేది. ఒకసారి ఆ బస్సు ప్రయాణానికి భయపడే డయాలసిస్ మానేసింది. ఆ వారం కాళ్ళూ మొహమూ నీరు పట్టి, పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకొని కూర్చునే నిద్రపోయింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంకోసారి ఇలా జరిగితే తన చేతిలో ఏమీ ఉండదన్నాడు.

అమ్మ చిన్నప్పుడే పోతే నాకు తల దువ్వి, అన్నం కలిపి, బడికి పంపింది అక్కే. నేను పదో తరగతితో ఆపేశాను. ఇప్పుడు బెంగళూరులో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో గుడ్డ లెక్క చూస్తాను. ఇన్ని మీటర్ల థాను పరిస్తే ఎన్ని చొక్కాలు వస్తాయి, ఎంత గుడ్డ ముక్కల్లో పోతుంది అని. నాకెవరూ నేర్పలేదు. చేస్తూ చేస్తూ పట్టుబడింది. ఏ వస్తువు చూసినా ముందు అంకె కనబడుతుంది నాకు. కారు కొనే రోజు కూడా అంతే.

చూసిన కార్లు రెండు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, రెండూ తొమ్మిదేళ్ళవే. ఒకటి పెట్రోలు ఇంజను, ఒకటి డీజిల్. పెట్రోలుది బెంగళూరులో తిరిగి తిరిగి లక్ష కిలోమీటర్లకు దగ్గరైంది. డీజిల్‌ది ట్రైన్ మనిషి కారు. మీటరు మీద ముప్పై ఎనిమిది వేలు మాత్రమే.

రెండు ఇంజన్లకూ లోపల ఒక తేడా ఉంది. అది తెలుసుకోవడానికి నేను ఒక వారం రైలులో ఫోనులో చదివాను. ఇంజనులో కింద ఒక కడ్డీ తిరుగుతూ పిస్టన్లను పైకీ కిందికీ ఆడిస్తుంది. పైన ఇంకో కడ్డీ తిరుగుతూ వాల్వులను తెరిచి మూస్తుంది. పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వు తప్పుకొని ఉండాలి. ఆ రెండు కడ్డీల తాళం తప్పకుండా పట్టి ఉంచేది పెట్రోలు దానిలో ఇనుప చైను, డీజిల్ దానిలో పళ్ళున్న రబ్బరు బెల్టు. చైను ఇంజను లోపల ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. ఆయిల్ వేళకు మారుస్తుంటే చాలాకాలం వస్తుంది. బెల్టు బయట, ప్లాస్టిక్ మూత వెనక, పొడిగా తిరుగుతుంది. దాన్ని మధ్యలో మార్చాలి. మార్చకపోతే తెగుతుంది, తెగేముందు చప్పుడేమీ చేయదు. నడుస్తున్న బండిలో, ఒక్క క్షణంలో, వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుంటాయి. బండి ఎక్కడుంటే అక్కడ ఆగిపోతుంది. ఆ తరువాత బాగు చేయడమంటే దాదాపు కొత్త ఇంజనే.

"లక్ష కిలోమీటర్లకు మార్చాలి" అని చదివాను. లక్షలో నుంచి ముప్పై ఎనిమిది వేలు తీసేశాను. అక్కను నెలకు ఎనిమిదిసార్లో తొమ్మిదిసార్లో కోలారుకు తీసుకుపోయి తీసుకొస్తే అయిదారు వందల కిలోమీటర్లు. ఆ లెక్కన బెల్టు సంగతి ఇంకో పదేళ్ళ దాకా తలుచుకోనక్కరలేదు. మనసు డీజిల్ వైపు మొగ్గింది.

రైలులో మా పెట్టెలో కిటికీ పక్క సీటు ఎప్పుడూ ఒకాయనదే. బెంగళూరులో లేత్ పని చేస్తాడు, నాకు పదిహేనేళ్ళ స్నేహం. ఆయన ముందు ఈ లెక్క పెట్టాను.

"నెలకి ఐదారు నూర్లు కిలోమీటర్లు పొయ్యే బండికి డీజిల్ యాలప్పా?" అన్నాడు. "రోజూ తిప్పేవానికి గదా డీజిల్ మిగిలేది. నీకు చైను ఉండే పెట్రోలే మేలు. సుమ్నే లేనిపోని తలనొప్పి యాల పెట్టుకుంటావు?"

"మీటరు చూడన్నా. ముప్పై ఎనిమిది వేలే. ఇంకా పసిబిడ్డ అది."

"తొమ్మిదేండ్ల పసిబిడ్డా? మా ఇంట్లో ఉండాడు తొమ్మిదేండ్ల మనవడు. వాని పసితనం వచ్చి చూసి పో, ఇంటి పెంకులన్నీ వాని చేతిలోనే పగిలిపోయినాయి."

పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టేకల్ స్టేషన్ వచ్చింది, జనం ఎక్కారు, మాట మారిపోయింది. డీజిల్ కారే కొన్నాను.

కొన్నాక మొదటి రెండు నెలలు ఇంట్లో ఒక పండగలా గడిచాయని చెప్పాలి. మంగళ, శుక్రవారాలు నేను ఫ్యాక్టరీలో అడిగి రాత్రి షిఫ్టుకు మార్పించుకున్నాను, పగలు బండి నడపడానికి. వచ్చేటప్పుడు అక్క వెనక సీటులో ఒత్తిగిలి పడుకునేది. కోలారు దాటితే నిద్ర, మళ్ళీ ఇంటి ముందే మెలకువ. "ఏమప్పా, అప్పుడే వచ్చేస్తిమా?" అనేది ప్రతిసారీ. నా భార్య, "వదినా, నువ్వు నిద్రపోతే బండి రెక్కలు కట్టుకొని పోతాది" అనేది. శుక్రవారం వస్తోందంటే అక్క మొహంలో కనబడే భయం పోయింది. నాకు అది చాలు.

ఒక ఆదివారం నేను పెరటి గేటు దగ్గర కారు తుడుస్తున్నాను. గని మట్టి పోసిన సైనైడ్ గుట్టల మీంచి గాలి మొదలైతే తెల్లటి సన్నదుమ్ము సందు సందునా దూరుతుంది. అక్క బట్టలు ఆరేస్తోంది. బరువైనవి ఎత్తొద్దని చెబితే జాకెట్లూ తువ్వాళ్ళూ మాత్రం తనే ఆరేస్తుంది.

"ఏమప్పా, పొద్దన్నుంచీ అంత తుడుస్తాండావే, దీనికి లోపలేందో బెల్టు ఉండాదని నీ పెండ్లానికి చెప్తాంటివి. ఏంది అది?"

నాకు ఉత్సాహం వచ్చింది. రెండు చేతులూ పైకీ కిందికీ ఆడించి పిస్టన్లూ వాల్వులూ చూపించాను.

"అంటే అది తెగితే అంతా పోయినట్టే."

"అంతే అక్కా."

"మన షాఫ్ట్ తాడు మాదిరి."

"ఆ, అట్లాంటిదే."

"ఎన్నేండ్లాయె అది వేసి?"

"ముప్పై ఎనిమిది వేలక్కా. లక్ష దాకా భయం లేదు."

అక్క తువ్వాలు చేతిలో పట్టుకొనే నావైపు తిరిగింది. "నేను కిలోమీటర్లు అడగలేదు రా. ఏండ్లు అడిగితి."

"తిరగని బండికి ఏండ్లతో ఏం పని?"

"ఏం పనా?" తువ్వాలును తాడు మీద వేసి, ఆ తాడునే పట్టుకొని గట్టిగా గుంజింది. రెండు వైపులా రాటలు కిర్రుమన్నాయి. "ఇది యాడిది? చెప్పు."

మా పెరట్లో బట్టలారేసేది ఇనుప తాడు. గని కూలీల లైన్ ఇళ్ళలో చాలా పెరళ్ళలో ఇలాంటివే ఉండేవి. గని షాఫ్ట్‌లో మనుషులను కిందికి దింపే కేజ్‌ను మోసిన లావుపాటి తాడును తీసేశాక, దాని పురులు విప్పి పంచుకునేవాళ్ళు. ఒక్కో పురి ఒక్కో ఇంటికి. మా నాయన ఆ తాళ్ళు చూసే పని చేసేవాడు. రోజూ షిఫ్టు దిగకముందు తాడును మెల్లగా నడిపిస్తే, చేతిలో దూది పీచు పట్టుకొని దాని చుట్టూ ఆనించి నిలబడేవాడు. తాడులో ఎక్కడైనా తీగ తెగి ఉంటే దూది దానికి చిక్కుకుంటుంది. ఆయనకు క్యారియర్ తీసుకుపోయేది అక్క. నేను అప్పటికి నడక నేర్చినవాణ్ణి.

"యాడిది చెప్పు" అంది మళ్ళీ.

"షాఫ్ట్‌ది."

"ఎందుకొచ్చె మనింటికి? తెగెనా? తుప్పు పట్టెనా? దూది చిక్కుకొనెనా?"

నేను తుడిచే గుడ్డ భుజాన వేసుకున్నాను.

"ఏమీ కాలేదు. నేనూ అడిగితి నాయనను, ఇంత గట్టి తాడును యాల పారేస్తారు అని. గడువు అయిపోయింది మ్మా, అన్నాడు. ఆ షాఫ్ట్ కొన్నాళ్ళు పని లేక సుమ్నే నిలబడి ఉండె. తాడు తిరగనే లేదు. అయినా తీసేసినారు. మట్టిని లాగే తాడైతే చూసి చూసి వాడుకుంటాం, మనుషులు దిగే తాడు బాగుండంగానే తీసెయ్యాల అన్నాడు. అది బాగుండె కాబట్టే ఇన్నేండ్లూ నీ చొక్కాలు మోస్తాండాది." తువ్వాలు సరిచేసింది. "తిరగకపోతే తాడుకు వయసు రాదా? నేనూ తిరగడం లేదు కదా, నాకు రాలేదా?"

నా భార్య వంటింటి కిటికీలోంచి, "వదినా, ఆయన లెక్కలో నీకింకా ముప్పై ఎనిమిది వేలే" అంది. అక్క పకపకా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. లోపలికి వచ్చి, మా కారు కంపెనీ సర్వీసు వాళ్ళకు ఫోను చేశాను. ఒకమ్మాయి పలికింది. మోడల్ చెప్పాను. "లక్ష కిలోమీటర్లు సార్, లేదంటే ఐదేళ్ళు. ఏది ముందొస్తే అది" అంది. ఆ రెండో ముక్కను నేను చదవలేదా, చదివీ పట్టించుకోలేదా, ఇప్పటికీ చెప్పలేను. పెద్ద అంకె దగ్గర కన్ను ఆగిపోయింది. పాత ఓనరుకు ఫోను చేశాను. ఆయనా రైలులోనే ఉన్నాడు, చక్రాల చప్పుడు వినబడుతోంది. "బెల్టా? యాల మార్చాలప్పా? బండి తిరిగితే కదా!" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. నాలాగే నమ్మాడు. మా ఊళ్ళో ట్రైన్ మనుషులందరమూ ఆ నమ్మకంలోనే ఉన్నాం. ఇంటి ముందు గుడ్డ కప్పుకొని నిలబడిన కారులో రబ్బరు మాత్రం తన వయసు తాను లెక్కపెట్టుకుంటూనే ఉంది.

మంగళవారం ముందుంది. బండి తీయనన్నాను. అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఒక్క దినమే కదా, బస్సులో పోతా" అంది. ఆమె అలా అనడం నాకు తేలికగా తోచలేదు. బస్సంటే ఆమెకేమిటో నాకు తెలుసు. టాక్సీ పిలుస్తానంటే, "బెల్టుకు ఏండ్లు అడగాలంటే టాక్సీవానిదీ అడగాల కదప్పా. వాడు చెప్తాడా?" అని నోరు మూయించింది.

ఆ మంగళవారం నేనూ వెంట వెళ్ళాను. వచ్చేటప్పుడు బంగారుపేట బస్టాండులో అక్క పెదవులు తెల్లబడ్డాయి. సిమెంటు బల్ల మీద చోటు లేదు. పట్టుగూళ్ళ సంతకు పోయి వస్తున్న ఒక ముసలామె ఆమె మొహం చూసి, ఖాళీ సంచులు నేల మీద పరిచి, "పడుకో మ్మా, బస్సొస్తే నేను లేపుతా. వీళ్ళను నమ్ముకుంటే నిలబెట్టే చంపుతారు" అంది నావైపు చూస్తూ. అక్క పడుకుంది. ఆ సంచుల మీద పావుగంట పడుకోబట్టే ఇల్లు చేరగలిగాం. ఆమె ఊరేదో అడగడం మరిచిపోయాను. ఇప్పటికీ ఆ బస్టాండు దాటితే బల్లవైపు చూస్తాను, ఉందేమోనని.

బుధవారం కారును రాబర్ట్‌సన్‌పేటలో మెకానిక్కు దగ్గరికి చేర్చాలి. నాలుగు కిలోమీటర్లు. స్టార్టు చేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇన్నాళ్ళూ తెగనిది ఈ నాలుగు కిలోమీటర్లలో తెగుతుందా అంటే, తెగదనే చెప్పొచ్చు. కానీ తెలిశాక స్టార్టు చేయడం వేరు. వీధి చివర ఒకాయనకు మామిడికాయలు తోలే టెంపో ఉంది. కాలంలో శ్రీనివాసపురం మండీకి, తక్కిన రోజుల్లో ఏది దొరికితే అది. ఆయనను పిలిచాను.

"ఏమైందన్నా బండికి?"

"ఏమీ కాలేదు. నడుస్తాది."

"నడుస్తాదా? నడిచే బండికి తాడు కట్టి ఈడ్చమంటావా?" వీధికంతా వినబడేలా నవ్వాడు. "రేపు మా ఎద్దును కూడా భుజాన మోసుకొని పొమ్మంటావేమో!"

అక్క గుమ్మంలో నిలబడి, "నవ్వులు తరువాతప్పా. తాడు గట్టిదేనా, చూసి కట్టు" అంది.

ఇంజను ఆపిన కారుకు బ్రేకు రాయిలా ఉంటుంది, స్టీరింగు తిరగదు. ఆ నాలుగు కిలోమీటర్లూ చెమటలు కారుతూ టెంపో వెనక చెక్కను చూస్తూ పోయాను. దారిలో కనబడినవాళ్ళందరూ, "కొత్తగా కొన్న కారు అప్పుడే ఫేలా?" అని అడిగారు. అందరికీ చెయ్యి ఊపాను. ఎంతమందికని వివరం చెప్పేది?

మెకానిక్కు కూడా ముందు మీటరే చూశాడు. "ముప్పై తొమ్మిది వేలకు బెల్టా? ఇంగా బాగుండాదన్నా. డబ్బు ఎక్కువయిందా?" అన్నాడు. మార్చమన్నాను. బెల్టుతో పాటు దాన్ని బిగించే రోలర్లూ, వాటర్ పంపూ కలిపి మార్చమన్నాను, ఫోనులో ఆ అమ్మాయి చెప్పినట్టు. మూత తీశాడు. లోపల మూలల్లో మన గుట్టల తెల్లదుమ్ము, పిండి జల్లినట్టు. బెల్టు తీసి వెలుతురులో అటూ ఇటూ వంచాడు. "చూడు, చీలిక లేదు, పన్ను ఊడలేదు. నేను చెప్తే ఇనవు" అన్నాడు. నిజమే. బెల్టు బాగుంది. తరువాత రోలరును వేలితో తిప్పాడు. అది తిరుగుతూ ఇసుక నమిలినట్టు చిన్న చప్పుడు చేసింది. ఇంకోసారి తిప్పి, చెవి దగ్గర పెట్టుకొని, నా చేతికి ఇచ్చాడు. అది బిగుసుకుపోతే ఎంత బాగున్న బెల్టయినా తెగిపోతుంది.

"ఇది ఎన్నాళ్ళు వచ్చుండును?" అన్నాను.

"ఏమో అన్నా. ఇంకో ఏడాది వచ్చుండును. లేదంటే కోలారు దాకా కూడా రాకపోవును. ఎవరు చెప్తారు?" అని కొత్తది పెట్టె విప్పాడు. ఆ తరువాత నన్ను వెక్కిరించలేదు. సాయంత్రం అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను. రెండు కడ్డీల గుర్తులూ ఎదురెదురుగా వచ్చాయా లేదా అని, తాళం చెవి ముట్టకముందు ఇంజనును చేత్తోనే రెండు చుట్లు తిప్పి చూసుకున్నాడు. అంత జాగ్రత్తగా పని చేసే మనిషి మా వీధికి నాలుగు కిలోమీటర్లలోనే ఉన్నాడని నాకు అంతవరకూ తెలియదు.

పాత బెల్టు ఇంటికి తెచ్చాను. అక్క దాన్ని రెండు చేతుల్లోకి తీసుకొని లాగి చూసింది. "బాగానే ఉండాదే" అంది, మా నాయన గొంతుతో అన్నట్టు. తరువాత దాన్ని బయటికి తీసుకుపోయి, గాలికి కొట్టుకునే పెరటి గేటుకూ రాటకూ కలిపి తగిలించింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఎప్పుడైనా తెగనీ, గేటే కదా.

జరగని ప్రమాదానికి లెక్క కట్టడం నాకు రాదు. గుడ్డ లెక్కలో మిగిలింది కంటికి కనబడుతుంది, పోయిందీ కనబడుతుంది. ఇక్కడ చేతిలో చూపించడానికి ఏమీ లేదు. ఒక బాగున్న బెల్టు, చిన్నగా గరగరమన్న ఒక రోలరు. రైలులో కిటికీ పక్కాయనకు ఇదంతా చెప్పి, పెట్రోలే కొనాల్సిందన్న ఆయన మాట సరైనదని ఒప్పుకున్నాను. "ఇంగేం, మీ అక్కనే అడిగి కొనింటే సరిపోయేది" అన్నాడు. వారం తిరిగేలోగా మా పెట్టెలో ముగ్గురు తమ కార్ల బెల్టులకు ఏళ్ళు లెక్కపెట్టుకున్నారు. అందులో మా కారు పాత ఓనరు తమ్ముడూ ఒకడు.

శుక్రవారం డయాలసిస్ అయ్యాక అక్కను వెనక సీటులో పడుకోబెట్టాం. తల కింద నా భార్య తన శాలువా మడిచి పెట్టింది. కోలారు దాటాం. టమాటా తోటల వెంట దారి. నిద్రపోయిందనుకున్నాను.

"అప్పా."

"ఏమక్కా?"

"ఈ కొత్త బెల్టును మళ్ళా ఎన్నేండ్లకు మార్చాల?"

"ఐదేండ్లకు."

అద్దంలో చూస్తే కళ్ళు మూసుకొనే ఉంది. "నువ్వు మళ్ళా కిలోమీటర్లు చూసుకుంటా కూర్చుంటావు. అప్పుడు కూడా నేనే గుర్తు చేస్తాలే" అంది.

నా భార్య నావైపు చూసింది. నేను దారి వైపు చూశాను. బంగారుపేట దగ్గర రైలు గేటు వేసి ఉంది. ఇంజను ఆపాను. కిటికీలోంచి గాలి వస్తోంది. మేమెక్కే రైలు లాంటిదే ఒకటి పోతోంది, బెంగళూరు వైపు, కిక్కిరిసి. గేటు ఎత్తారు. తాళం తిప్పితే ఇంజను మెత్తగా అందుకుంది. అక్క నిద్ర చెదరలేదు.